నీటిబొట్టుల దీపం

పరమేశ్వర్ చేసిన తప్పేందో మీరే చెప్పుండ్రి. తాగిండా? పేకాడిండా? నీటిబొట్టుల దీపం ఫోటో దింపుదామనుకున్నడు. గంతే! గా ఒక్క ముచ్చటకు నిజామాబాద్‌ల ఆ గల్లీ అంత ఆయన మీదికి కొట్లాటకొచ్చింది.

ఆయన పనిజేసేది కరెంటాఫీసుల. పానమంత కెమెరా మీద. ఊర్లె ఏటేటా ఫోటోల పోటీ పెడుతరు. పోయినేడు కప్పు ఎవలికి పోయింది? ఆయన బామ్మర్ది రాజనర్సుకు. దేనికి? బోధన్ తొవ్వల పోయే చెరుకు లారీ ఫోటోకు!

"లారీ దానంతటదే వచ్చి ముందట నిలబడ్డది. వాడేం జేసిండు? నొక్కిండు," అని పరమేశ్వర్ ఏడాది సంది మండిపడుతనే ఉన్నడు.

"నీ ముందట గూడ మస్తు లారీలు నిలబడ్డయి గద. నువ్వెందుకు నొక్కలే?" అన్నది పెండ్లాం శ్రీవాణి.

"నీ తమ్మున్నేమన్నంటే సర్రున వస్తవు! ఈయేడు సూడు. జారే నీటిబొట్టు, దాంట్ల తలకిందులుగ దీపం. కప్పు నాది గాకపోతే అడుగు."

"కప్పు సంగతి తర్వాత. నా వంటింట్ల గిన్నెలేడ వోయినయో అది చెప్పు."

గిన్నెలన్నీ నడింట్ల ఉన్నయి. వారం సంది అదే పని. గ్లాసుల కెల్లి పోస్తే ధారైంది. చెంచతోటి పోస్తే దీపం కొండెక్కింది. ఎండకాలంల ఫ్యాను బంద్, కూలర్ బంద్.

"గాలి ఆడితే దీపం కదులుతదే!"

"దీపం సల్లగుండాలె, మేం ఉడికిపోవాలె. గంతేనా?"

ఆదివారం పొద్దుగాల శ్రీవాణి మార్కెట్‌కు పోయింది. పరమేశ్వర్‌కు ఇల్లు దొరికింది. కొత్త మట్టికుండ అడుగుకు సన్నటి బొక్క కొట్టి, స్టూలుకు వేలాడగట్టిండు. దాని ముందట ప్రమిద వెలిగిచ్చిండు. చిన్న స్టాండు మీద కెమెరా పెట్టి, నొక్కే మీట చేతిల పట్టుకున్నడు. నిలబడితే నీడ పడుతదని దీపం పక్కకే తల వెట్టి నేల మీద ఎల్లెలుకల పండిండు. ఎర్రంగి బొట్టుల మెరుస్తదని తెల్ల దుప్పటి మెడదాక కప్పుకున్నడు. ఊపిరికి దీపం ఊగుతదని ఊపిరి గూడ బిగవట్టిండు. అన్నిటికీ కారణముంది. అడిగితే చెప్పేటోడు. ఎవలన్న అడిగిండ్రా?

ఎదురింటి ఈరవ్వ పాలల్లకు తోడు అడుగనీకి వచ్చి, కిటికీల కెల్లి తొంగి చూసింది. పాపం, ముసలామెకు ఏం కనబడాలె? నేల మీద మనిషి. మెడదాక తెల్లబట్ట. తలకాడ దీపం. బొక్కకుండల కెల్లి కారే నీళ్లు. సావింట్ల ఉండాల్సినయన్నీ ఉన్నయి, ఏడుపు తప్ప. అది ఈరవ్వ మొదలువెట్టింది.

లోపల పరమేశ్వర్‌కు ఏడుపు వినబడ్డది, ఒళ్లు మండింది. 'సచ్చేటోనికి గిప్పుడే దొరికిందా? ఇంకో పది నిమిషాలు ఆగరాదా?' అనుకున్నడు. కదలలే. బొట్టు అప్పుడప్పుడే గుండ్రంగైతున్నది.

ఏడుపు ఇని గల్లీ అంత వాకిట్ల జమైంది. తలుపు తోసుకొని రాజనర్సు ఉరికొచ్చిండు. ఉండేది పక్క గల్లీలనే. వచ్చుడు వచ్చుడే తలకాడ కూలబడ్డడు.

"బావా! నీ అసొంటి ఫోటోగ్రాఫర్ ఈ జిల్లాల పుట్టలే! నా చెరుకు లారీ గూడ ఓ ఫోటోనేనా బావా? నీ కాలిగోటికి సరిపోదు!"

పరమేశ్వర్ లేవబోయి ఆగిండు. సంబురమైంది. ఎంటనే కడుపు మండింది. గీ ముక్క పోయినేడు నలుగురి ముందట అంటే నోరు పడిపోతుండెనా? ఇంకేమంటడో విందామని కండ్లు మూసుకున్నడు.

గప్పుడే శ్రీవాణి సంచితోటి వచ్చింది. వాకిట్ల జనాన్ని చూసి సంచి ఆడనే పారేసింది. లోపలికి ఉరికి చూస్తే కుండ, స్టూలు, కెమెరా. దుప్పటి కింద మొగని చెయ్యి మీట నొక్కుతనే ఉన్నది. పోయిన పానం తిరిగొచ్చింది. అటెంక తమ్ముని దిక్కు చూసింది. దీపం మీదికి వంగి ఏడుస్తున్నడు. ముక్కు కొసకు కన్నీటిబొట్టు వేలాడుతున్నది. బొట్టుల దీపం తలకిందులుగ వెలుగుతున్నది.

సప్పుడు జెయ్యకుంట ఫోన్ దీసి, దగ్గరవెట్టి నొక్కింది.

"ఇగ లే! నా మంచి దుప్పటి ఖరాబైతున్నది," అన్నది.

పరమేశ్వర్ లేసి కూసున్నడు. ఈరవ్వ కెవ్వుమన్నది. ఇగ చూడాలె లొల్లి!

"బతికుంటే బతికున్ననని చెప్పొద్దారా?" అని ఈరవ్వ.

"సగం ఉడికిన అన్నం దించేసి వచ్చిన!" అని పక్కింటి శైలజ. "గిప్పుడు నేను తానం జెయ్యాల్నా, వద్దా?"

రాజనర్సు ముక్కు తుడుసుకున్నడు. "నేనన్న మాటలన్నీ వాపస్!"

"బతికుండుడు గూడ నా తప్పేనా?" అని పరమేశ్వర్ గాయిగాయి జేసిండు. ఎవలూ ఇనలే. ఆఖరికి అందరికీ చాయ్ ఆయననే పెట్టిండు. కెమెరా తెరిచి చూస్తే బొట్టూ లేదు, దీపమూ లేదు. అన్నిట్ల రాజనర్సు మోచెయ్యే.

ఈయేడు కప్పు శ్రీవాణికొచ్చింది.

పోటీ పెట్టిన పెద్దమనిషి మైకుల అడిగిండు. "అమ్మా, గింత అసలైన కన్నీటిబొట్టు మీకు యాడ దొరికింది?"

"మా ఆయన పోయిన పొద్దు దింపిన సార్," అన్నది శ్రీవాణి, తల దించుకొని.

పెద్దమనిషి కండ్లద్దాలు తీసిండు. రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నడు. హాలంత లేసి నిలబడ్డది.

మూడో వరుసల పరమేశ్వర్ ఎగిరి దుంకిండు. "ఏందిది? నేను బతికే ఉన్న!"

రాజనర్సు ఆయన చెయ్యి వట్టి గుంజిండు. "జర ఊకో బావా. అందరూ నీ కోసమే నిలబడ్డరు."