హ్యాండ్లింగ్ చార్జీల విమోచనం

కార్లు కొనే ప్రజలను కాగితాల ఖర్చుల నుంచి విముక్తుల్ని చేసేదాకా నిద్రపోనని, పార్టీ వినియోగదారుల విభాగం నగర సహ కన్వీనర్ రాఘవేందర్ అన్న, అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద ప్రకటించారు. పానీపూరీ సైజు మీద ఇదివరకే పోరాడిన మనిషి కాబట్టి జనం నమ్మారు. పోరాటం మర్నాడు పంజాగుట్టలోని ఒక కార్ల షోరూంలో మొదలవుతుందనీ, మీడియా మిత్రులకు టిఫిన్ ఉంటుందనీ చెప్పారు.

ఈ సంగతి మధురానగర్ స్వరాజ్యానికి తెలియదు. మర్నాడు పొద్దున ఆమె కూతురు చంద్రిక వెనక స్కూటర్ మీద కూర్చుని అదే షోరూంకు వచ్చింది. మోకాళ్ల నొప్పులతో స్కూటర్ ఎక్కడం కష్టమవుతోంది కాబట్టే చిన్న కారు కొంటున్నారు. స్కూటర్ కిందటేడు పోయిన భర్త సారయ్యది. ఎడమ అద్దం ఊడిపోకుండా ఆయన కట్టిన ఎర్రతాడు ఇంకా అట్లాగే ఉంది. చేతిలో డబ్బు ఎనిమిది వేలు తక్కువ పడితే, ఆ ఎనిమిది వేలకు స్కూటర్ తీసుకుంటామన్నారు షోరూం వాళ్లు. దారి పొడుగునా స్వరాజ్యం కూతురి భుజం పట్టుకోలేదు, సీటు అంచే పట్టుకుంది.

పొట్లాల కాగితాల మీద చదువు నేర్చుకున్న మనిషి ఆమె. ఏ కాగితమైనా వేలు పెట్టి చివరిదాకా చదువుతుంది. మేనేజర్ సాయికిరణ్ ఇచ్చిన బిల్లులో ఆ వేలు ఒకచోట ఆగింది.

"హ్యాండ్లింగ్ చార్జీలు ఎనిమిది వేలంటే ఏంది బిడ్డా?"

"బండిని గోడౌన్ నుంచి ఇక్కడికి తేవడానికండీ."

"మరి పైన రాసిన ధర గోడౌన్‌ల ఉన్న బండిదా, ఇక్కడున్న బండిదా?"

సాయికిరణ్ కాసేపు కారు వైపు చూశాడు. "ఇక్కడున్నదేనండీ."

"అయితే రెండోసారి తెస్తున్నరా?"

అతను లోపలికి వెళ్లి, టీ తాగి వచ్చి, ఆ వరుస కొట్టేశాడు. "అడిగితే తీసేస్తామండీ. అడిగేవాళ్లే తక్కువ."

స్వరాజ్యం బయటికి చూసింది. స్కూటర్ ఎండలో నిలబడి ఉంది. "ఇంటికి పోదాం తియ్" అన్నది. స్కూటర్‌తోనే అన్నదని చంద్రికకు అర్థమైంది.

సరిగ్గా అప్పుడే రెండు కెమెరాలతో రాఘవేందర్ అన్న వచ్చారు. కొనేవాళ్లు ఇంకెవరూ లేరు గనుక నేరుగా స్వరాజ్యం దగ్గరికే వచ్చారు.

"అమ్మా, హ్యాండ్లింగ్ కింద నీ దగ్గర ఎంత గుంజుతున్నరు?"

"ఏం లేదు బిడ్డా. తీసేసిండ్రు."

అన్న ముఖం వాడిపోయింది. "నేను రాకముందే ఎట్ల తీసేస్తవయ్యా? గీ కెమెరాలకు ఏం జెప్పాలె?"

"తప్పయిపోయింది సార్" అన్నాడు సాయికిరణ్.

"జర మళ్ల రాయి. అందరి ముంగట తీయిద్దాం."

సాయికిరణ్ మళ్లీ రాశాడు. ఇద్దరూ అద్దాల గదిలోకి వెళ్లారు. లోపల అన్న బల్ల గుద్దడం బయటికి చక్కగా కనిపించింది. ఇడ్లీలు కూడా కనిపించాయి. చివరికి ఆయన మూతి తుడుచుకుంటూ వచ్చి, చారిత్రాత్మక ఒప్పందం కుదిరిందని ప్రకటించారు. హ్యాండ్లింగ్ చార్జీల్లో సగం రద్దు.

"ఇందాక మొత్తం పోయింది గదా బిడ్డా" అన్నది స్వరాజ్యం.

"అది వాళ్ల దయ అమ్మా. ఇది నీ హక్కు."

"దయే బాగుండె."

"మొత్తం తీసేస్తే రేపటి సంది ఉద్యమానికి పనేముంటది? నువ్వే చెప్పు." ఆమె కారు కోసం తెచ్చిన బంతిపూల దండ చూసి, అన్న వినయంగా తల వంచారు. కెమెరాలు చూస్తున్నాయి. స్వరాజ్యం దండ వేసింది.

అన్న కెమెరాలతో మాట్లాడుతుండగా ఆమె మేనేజర్ పక్కకు చేరింది. "నాలుగు వేలు తక్కువైతున్నయ్ బిడ్డా. స్కూటర్ సగం తీసుకుంటరా?"

సాయికిరణ్ నవ్వలేదు. "సగం తీసుకోమండీ. మొత్తం ఇచ్చేయండి, మిగతా డబ్బు సీట్ కవర్లలో సర్దుతాను."

చంద్రిక తాళంచెవి ఇచ్చింది. స్వరాజ్యం కొంగుతో హెడ్‌లైట్ తుడిచింది, తర్వాత అద్దం, తర్వాత తుడవాల్సిన పని లేనివన్నీ. తాడు విప్పబోయి ఆగింది. విప్పితే అద్దం ఊడుతుంది.

వాళ్లు బయల్దేరేటప్పటికి అన్న కెమెరాలతో స్కూటర్ దగ్గరికి వస్తున్నారు. కారు నిమ్మకాయలు తొక్కి ఇంటికి చేరింది.

మూడోనాటి పేపర్లో రాఘవేందర్ అన్న ఫొటో పెద్దగా పడింది. మెడలో బంతిపూల దండ, కింద స్కూటర్. 'నిరాడంబర నేత' అని హెడ్డింగ్.

"ఏం రాసిండ్రమ్మా?" అని స్టీరింగ్ ముందు నుంచి అడిగింది చంద్రిక.

స్వరాజ్యం వేలు పెట్టి చదివింది. "'చిన్ననాటి నుంచి నా కష్టసుఖాల్లో తోడున్న బండి ఇది. ఎన్ని పదవులొచ్చినా దీన్ని విడిచిపెట్టను.'"

ఎడమ అద్దానికి తాడు ఉందో లేదో కళ్లద్దాలు సర్దుకుని చూసింది. ఉంది. పేపర్‌ను అన్న ముఖం లోపలికి, స్కూటర్ పైకి వచ్చేటట్టు మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"పోనీలే. విడిచిపెట్టనన్నడు గదా. నువ్వు మెల్లగ పోనీ."