చేప కంట్లో సోఫా

చేప కంట్లో సోఫా కనిపించేసరికి ముందు వరుసల వాళ్ళు కుర్చీల్లోంచి లేచారు. వెనక వరుసల వాళ్ళు కుర్చీలెక్కారు.

ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదు. అద్దెకు తెచ్చిన తెర సరికొత్తది, గోడంత ఉంది. దాని మీద బొమ్మ ఎంత స్పష్టంగా పడుతుందో సభవారికి చూపించి ఇంకో నాలుగు బేరాలు పట్టుకుందామని, తెర యజమాని ఆ ఏటి ప్రథమ బహుమతి ఛాయాచిత్రాన్ని పెద్దది చేసుకుంటూ పోయాడు. మొదట చేప తెరంతా పరుచుకుంది. తర్వాత చేప తల. ఆ తర్వాత ఒక్క కన్ను. పసిఫిక్ మహాసముద్రం అట్టడుగున, ఎండ పొడ సోకని చీకట్లో, మానవమాత్రుడు అడుగుపెట్టని తావులో, ప్రాణాలకు తెగించి తీసిన ఆ చిత్రంలో, చేప కంటిపాపలో, ముగ్గురు కూర్చోగలిగే సోఫా ఒకటి నిగనిగలాడింది.

ముఖ్య అతిథి కారు బయల్దేరిందని అప్పుడే కబురొచ్చింది.

వేదిక మీద మధ్య కుర్చీలో కూర్చున్న విజేత కాళ్ళు రెండూ కుర్చీ కిందికి లాక్కున్నారు. ఆయన అసలు పేరు లోకం మరిచిపోయి చాలాకాలమైంది. పాలవాడితో సహా అందరూ సముద్రంగారనే పిలుస్తారు. ఏడు సముద్రాల అడుగునా తిరిగి, అక్కడి జీవుల్ని ఫొటోలు తీసుకొచ్చిన సాహసిగా సాగరగర్భ వన్యప్రాణి ఛాయాచిత్రకారుల సంఘంలో ఆయనకు గొప్ప పేరుంది. ఆ సంఘం ఎంత గొప్పదో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. సభ్యులంతా ఏడాదికి రెండుసార్లు ప్రపంచయాత్రకు వెళ్తారు. ఎవరి దారిన వాళ్ళు వెళ్తారు. ఒకరి సాహసానికి ఇంకొకరు అడ్డు రాకూడదన్నది సంఘం మర్యాద. వాళ్ళలో ఎవరు నవ్వినా పళ్ళు తళతళా మెరుస్తాయి. మరే కళాకారుల సంఘంలోనూ ఇంత తెల్లని పళ్ళు లేవు. సముద్రపు ఉప్పు మహిమ అని అధ్యక్షులవారు ప్రతి సభలోనూ సెలవిస్తుంటారు.

సముద్రంగారికి బహుమతి మీద బెంగ లేదు. పోతే పోతుంది, ఇంట్లో అలాంటివి అలమార నిండా ఉన్నాయి. ఆయన బెంగంతా మొదటి వరుసలో, ఒళ్ళో ఆకుపచ్చ హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని కూర్చుని ఉంది. పెళ్ళయిన వారంలోనే ఆయన భార్య ఒక మాట చెప్పింది. "ఏమైనా సర్దుకుంటానండి. అబద్ధం చెబితే మాత్రం ఆ పూటే పుట్టింటికి వెళ్ళిపోతాను." ఆవిడ అన్న మాట తప్పే మనిషి కాదు.

నిజం చెప్పాలంటే, ఆయన మొదటి యాత్రకు నిజంగానే బయల్దేరారు. పడవ ఎక్కారు. డైవింగ్ సూటు తొడుక్కున్నారు. పడవ అంచున నిలబడి కిందికి చూశారు. నీళ్ళున్నాయి గానీ వాటికి అడుగు కనిపించలేదు. ఆయన సాయంత్రానికల్లా ఊళ్ళోకి వచ్చేశారు. ఊరంతా సాగనంపిన మనిషి అదే రోజు ఇంటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్తాడు? నేరుగా బావమరిది దగ్గరికి వెళ్ళారు. బావమరిది పళ్ళ డాక్టరు. అతని క్లినిక్కులో, రోగులు భయం మరిచిపోవడానికి, గోడ పొడుగునా గాజు తొట్టి ఒకటి ఉంది. అందులో గుడ్లు మిటకరించుకుని తిరిగే పసుపు చారల చేప ఒకటి ఉంది.

"అక్కకి చెప్పకు," అన్నారు సముద్రంగారు.

"నేనెందుకు చెప్తాను బావా! నోరు తెరవడం మీ పని, నా పని కాదు. ఎలాగూ వచ్చారు కదా, కూర్చోండి, పళ్ళు క్లీన్ చేస్తాను," అన్నాడు బావమరిది.

అప్పట్నుంచీ యాత్రలు నిరాటంకంగా సాగాయి. దీపానికి ఎర్ర కాగితం చుడితే ఎర్ర సముద్రం. క్లినిక్కు ఫ్రిజ్జులోని ఐసు ముక్కలు వేస్తే ధ్రువ సముద్రం. తొట్టి మీదికి టేబుల్ ఫ్యాను తిప్పితే తుఫాను. అన్ని సముద్రాల్లోనూ చేప అదే. దాన్ని చూసి ఒక ప్రొఫెసరుగారు, ఈ జాతి చేప భూమ్మీది సమస్త సముద్రాల్లోనూ ఏకకాలంలో నివసిస్తుందని తేల్చి పెద్ద పుస్తకం రాశారు. సముద్రంగారు రాత్రిళ్ళు పళ్ళ డాక్టరు కుర్చీ వెనక్కి వాల్చుకుని పడుకునేవారు. పగలు డైవింగ్ సూటు, చెవులు మూసే టోపీ, కాళ్ళకు రబ్బరు తెడ్లు తగిలించుకుని తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చునేవారు. సూటు లేకుండా ఫొటో తీయడం ఆయన దృష్టిలో మోసం.

ఇంటికి వెళ్ళే రోజున మాత్రం జుట్టుకూ మీసాలకూ కాస్త ఉప్పు రాసుకునేవారు. భార్య తలుపు తీసి, "ఎంత నల్లబడిపోయారండీ!" అనేది. ట్యూబులైటు కింద నెలరోజులు కూర్చున్న మనిషికి ఆ మాట ఎంత హాయిగా ఉండేదో! ఆవిడ మాత్రం ప్రతి యాత్రకూ కాస్త ఒళ్ళు చేసేది, ముఖం కళకళలాడేది. తన మీద బెంగతో అలా అయిపోతోందని ఆయన లోలోపల కుమిలిపోయేవారు. ఆ బెంగ తీర్చడానికి, ఇంట్లో ఉన్నన్నాళ్ళూ భోజనాల దగ్గర, మంచం మీద, స్నానాల గది తలుపు అవతలి నుంచి కూడా సముద్రం లోతుల గురించి వివరంగా చెప్పేవారు.

ఇప్పుడు ఆ లోతులన్నీ తెర మీద తేలుతున్నాయి.

అధ్యక్షులవారు గొంతు సవరించుకుని మైకు అందుకున్నారు. "సభాసదులారా! ఆందోళన వద్దు. సముద్రగర్భంలో మునిగిన ఓడలు ఎన్నో ఉన్నాయి. ఆ ఓడల్లో ప్రయాణికులు నిలబడి ప్రయాణించలేదు. ఆ సోఫా చారిత్రక సంపద. దాన్ని ప్రపంచానికి మొట్టమొదట చూపించిన ఘనత మన సంఘానిది!"

చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు తన తెరకేననుకుని యజమాని ఇంకాస్త పెద్దది చేశాడు. సోఫా ముందు బల్ల, బల్ల మీద గులాబీరంగు చిగుళ్ళతో రెండు వరుసల పళ్ళు ప్రత్యక్షమయ్యాయి.

"సొరచేప," అన్నారు ప్రొఫెసరుగారు వెంటనే. "చిగుళ్ళు చూడండి, ఎంత ఆరోగ్యంగా ఉన్నాయో. వయసులో ఉన్న సొరచేప."

అప్పుడు లేచాడు నిరుటి విజేత. ఈ ఏడు తనకు రెండో బహుమతి వచ్చిందని పొద్దుట్నుంచీ ముఖం మాడ్చుకుని ఉన్నాడు. "సొరచేపా లేదు, గిరచేపా లేదు! అది పళ్ళ క్లినిక్కు. ఆ సోఫా నాకు బాగా తెలుసు."

"మీకెలా తెలుసండీ?" అన్నాడు కార్యదర్శి.

"పన్ను నొప్పెట్టి వెళ్ళాను."

"మీవి కట్టుడు పళ్ళు కదా!"

కార్యదర్శి వదల్లేదు. "అయినా ఇది ఆ సోఫా కాదు. దాని కుడి పక్కన చిరుగుంటుంది. మోకాళ్ళు పట్టేసి దాన్ని ఆసరా చేసుకుని లేచినప్పుడల్లా నా వేలు అందులో..." అని ఆగిపోయాడు.

"ఆ చిరుగు ఎప్పుడో కుట్టించారయ్యా," అన్నారు అధ్యక్షులవారు విసుగ్గా. "నేను మొన్న హిందూ మహాసముద్రం వెళ్ళినప్పటికే కుట్టేసి ఉంది."

మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

వేదిక మీద సభ్యులు ఒకళ్ళ పళ్ళు ఒకళ్ళు చూసుకున్నారు. ఇన్నేళ్ళుగా ఆ తొట్టి తనొక్కడిదేననుకున్న సముద్రంగారికి చెప్పలేనంత అవమానమైంది. బహుమతి దాతగా పక్క కుర్చీలో కూర్చున్న బావమరిది వైపు తిరిగి పళ్ళు నూరారు. "వీళ్ళందరూనా?"

"తప్పు బావా, అలా నూరితే అరిగిపోతాయి," అన్నాడు బావమరిది కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "మీ సంగతి వాళ్ళకి చెప్పలేదు, వాళ్ళ సంగతి మీకు చెప్పలేదు. డాక్టరన్నాక రహస్యం దాచాలా వద్దా? అందుకే కదా ఎవరి టైము వాళ్ళకిచ్చింది!"

ఈలోగా తెర మీద కన్ను మరింత పెరిగింది. కంటిపాప మధ్యలో మోకాళ్ళ మీద వంగిన డైవింగ్ సూటు మనిషి ఉన్నాడు. ఫొటో తీసినవాడు అందులో పడటం సహజమే కనక ఆయన్ని ఎవరూ తప్పుపట్టలేదు. ఆయన వెనక, సోఫా మీద, చెంపకు చెయ్యి ఆనించుకుని ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ఆవిడ ఆ సూటు మనిషినే చూస్తోంది. ఆవిడ ఒళ్ళో ఆకుపచ్చ హ్యాండ్‌బ్యాగు ఉంది.

సముద్రంగారు తెర మీద బ్యాగును చూశారు. మొదటి వరుసలో బ్యాగును చూశారు. ఆ బ్యాగు వెనకున్న భార్య తాపీగా ఆయన్నే చూస్తోంది.

అంటే ఆ రోజు ఆవిడ అక్కడే ఉంది. చెవులు మూసే టోపీ పెట్టుకుని, కెమెరాలో కన్ను పెట్టి, "ఓహో, అద్భుతం!" అని చేపతో మాట్లాడుతున్న మొగుణ్ణి వెనకనుంచి చూస్తూ కూర్చుంది. పన్ను పీకించుకుని ఇంటికి వెళ్ళింది. ఆ తర్వాత పది రోజులకు తలుపు తీసి "ఎంత నల్లబడిపోయారండీ!" అంది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. జీవితంలో మొట్టమొదటిసారి ఆయన ముఖం మీద ఉప్పునీళ్ళు వాటంతటవే వచ్చాయి.

అధ్యక్షులవారు అనుభవజ్ఞులు. ఇలాంటి సమయంలో సంస్థలు ఏం చేస్తాయో ఆయనకు కరతలామలకం. వెంటనే ప్రకటించారు. "సభాసదులారా! మన నిబంధనల ప్రకారం చిత్రంలో బయటి మనుషులు ఉండరాదు. ఎవరో అపరిచితురాలు, సంఘం అనుమతి లేకుండా, పసిఫిక్ మహాసముద్ర గర్భంలోకి హ్యాండ్‌బ్యాగుతో సహా ప్రవేశించి, సోఫాలో ఆసీనురాలైంది. దీనిపై విచారణ ఇప్పుడే, ఇక్కడే జరుగుతుంది. ముఖ్య అతిథిగారు లోపలికి అడుగుపెట్టేలోగా దోషి పేరు బయటపడాలి. ఎవరీమె?"

"నేనేనండి," అంటూ లేచింది సముద్రంగారి భార్య.

ఎవరో పరుగున వెళ్ళి ఆవిడకు మైకు అందించారు. అధ్యక్షులవారి గొంతులో తేనె చేరింది. "మీరా చెల్లెమ్మా! అయితే మీరు సాక్షి అన్నమాట. ఆ రోజు మీరు అక్కడెందుకున్నారు?"

"దవడ పన్ను నొప్పెట్టి మా తమ్ముడి దగ్గరికి వెళ్ళానన్నయ్యగారూ. లోపల ఇంకెవరికో పీకుతున్నాడు. అరగంట కూర్చున్నాను. అన్నీ చూశాను."

"అన్నీ అంటే?"

"అన్నీ."

వేదిక మీది తెల్లని పళ్ళన్నీ ఒక్కసారిగా పెదాల వెనక దాక్కున్నాయి. ప్రొఫెసరుగారు తన పుస్తకాన్ని కుర్చీ కిందికి తోశారు. సముద్రంగారు పుట్టింటికి వెళ్ళే బస్సు ఎన్నింటికో గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించారు. బయట కారు ఆగిన చప్పుడైంది.

"చెల్లెమ్మా, టైము లేదు. ఒక్క పేరు చెప్పండి చాలు. తప్పెవరిది?"

ఆవిడ హ్యాండ్‌బ్యాగు చేతికి తగిలించుకుంది. "ఈసారి యాత్ర ఎక్కడికన్నయ్యగారూ?"

"అంటార్కిటికా. మీవారి నాయకత్వంలో."

"ఎన్నాళ్ళు?"

"మూడు నెలలు."

"మూడు నెలలే!" అందావిడ. ఆ మాటలో బెంగ ఉందో ఇంకేముందో సముద్రంగారికి అంతుబట్టలేదు. "అందరూ వెళ్తారా?"

"అందరం. అవసరమైతే ఇంకో మూడు నెలలు పొడిగిస్తాం."

"అందరూనా?" అని గొణిగాడు బావమరిది. "నాకున్నది ఒక్క కుర్చీ!"

ఆవిడ వెనక్కి తిరిగింది. రెండో వరుసలో సభ్యుల భార్యలంతా వరసగా కూర్చుని ఉన్నారు. అధ్యక్షులవారి భార్య, కార్యదర్శి భార్య, నిరుటి విజేత భార్య. అందరూ ఆవిడనే చూస్తున్నారు. అందరి ముఖాలూ కళకళలాడుతున్నాయి. అధ్యక్షులవారి భార్య అడ్డంగా తల ఊపింది, వద్దన్నట్టు. కార్యదర్శి భార్య రెండు చేతులూ జోడించింది. ఆ చేతుల వంక చూస్తే, ఆ వరుసలో ఉన్నవాళ్ళలో ఆ సోఫా మీద ఒక్కసారైనా కూర్చోనివాళ్ళు లేరని సముద్రంగారికి అర్థమైంది.

ఆవిడ మళ్ళీ వేదిక వైపు తిరిగింది. మొగుడి మీసాల దగ్గర ఒక క్షణం చూపు ఆపింది. హాలు తలుపులు తెరుచుకున్నాయి. ముఖ్య అతిథి గుమ్మంలోనే నిలబడిపోయారు.

"తప్పు చేపదండీ," అంది మైకులో, హాలు మొత్తానికీ వినబడేలా. "రెప్పల్లేవు దానికి. మనందరికీ ఉన్నాయి కదా!"