ఏడిస్తేనే గుహ

ఒక పెద్ద అడవిలో ఎండాకాలం కార్చిచ్చు రేగింది. పెద్దలకు తోకలు కాలాయి, పిల్లలకు నిద్ర కరువైంది. ఒక కొండముచ్చు పిల్లకైతే మాటే పడిపోయింది.

దాన్ని ముసలి ఎలుగు తాత చేరదీశాడు. వీపు మీద ఎక్కించుకుని తిప్పేవాడు, జుంటితేనె నాకించేవాడు, "మాట్లాడు" అని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. అది చూసి ఇంకో తొమ్మిదిమంది పిల్లలు చేరారు. ఉన్నది ఒక్క ఈతచెట్టు నీడ. వానలొస్తే వీళ్ళనెక్కడ పెట్టాలా అని తాత దిగులు.

అంతలో సింహం చాటింపు వేయించింది: "పిల్లల మనసులు బాగుచేసే సంస్థకు పొడి గుహ, ఏడాది గింజలు!"

తాత వెళ్ళాడు. తనిఖీ అధికారి కొంగ ఒంటికాలి మీద నిలబడి, "నీ సంస్థ పేరు?" అంది.

"పేరెందుకండీ? పేరు లేకుండానే వస్తున్నారు పిల్లలు."

"సరే, ఎల్లుండి వస్తాను. భయపడ్డ పిల్లలు కంటికి కనిపించాలి. లేకపోతే అర్హత లేదు."

ఈ మాట నక్క వింది. సాయంత్రానికల్లా ఈతచెట్టు పక్కనే 'చిరునవ్వు సంఘం' అని పలక కట్టి, సొంత పిల్లలు నలుగురినీ వరసగా కూర్చోబెట్టి ఏడుపు నేర్పింది. వాళ్ళు కిసుక్కున నవ్వారు.

"నవ్వుతారేంట్రా వెధవల్లారా! మనది చిరునవ్వు సంఘమైనా తనిఖీ అయ్యేదాకా ఏడవాలి!"

కొంగ వచ్చింది. ముందు తాత దగ్గర ఆగింది. పిల్లలు తాత వీపు మీంచి జారుతూ కేరింతలు కొడుతున్నారు.

"వీళ్ళకేం జబ్బు?"

"ఉండేదండీ, తగ్గుతోంది."

"తగ్గేదానికి నిధెందుకయ్యా?" అని కొంగ మాటరాని కొండముచ్చును చూసి, "ఇదొక్కటే పనికొస్తుంది" అని రాసుకుంది.

పక్కన నక్క పిల్లలింకా నవ్వుతూనే ఉన్నారు. ఇక లాభం లేదని నక్క, కార్చిచ్చుకు అంటుకుని ఇంకా రాజుతున్న మొద్దులోంచి కొరివి లాగి, వాళ్ళ వెనకున్న ఎండుటాకుల్లో పడేసింది. గాలి తోడైంది. మంట గుప్పుమంది.

"తాతా! నిప్పు!"

అరిచింది కొండముచ్చు పిల్ల. తాత దుమికి మన్ను ఎత్తిపోశాడు. మంటారింది. ఒకవైపు బొచ్చంతా కాలినా, "మాట్లాడావే తల్లీ!" అంటూ దాన్ని గుండెకు హత్తుకున్నాడు.

కొంగ తను రాసుకున్నది కొట్టేసింది. "ఆ ఒక్కటీ బాగుపడింది. నీకు అర్హులు సున్నా." గొంతులు పోయేలా ఏడుస్తున్న నక్క పిల్లల్ని చూసి మెచ్చుకుంది. "అసలు సిసలు భయం! గుహ మీదే."

తొలివాన పడింది. ఈతచెట్టు కింద తడుస్తున్న తాత దగ్గరికి నక్క తన నలుగురితో వచ్చింది.

"తాతా, వీళ్ళు ఆనాటి నుంచీ కునుకు తీయడం లేదు. నువ్వే ఏదోటి చెయ్యాలి."

"మరి నీ గుహ?"

"తనిఖీ దస్త్రాలే నిండిపోయాయి తాతా."

"దస్త్రాలు పట్టుకొచ్చి ఈ చెట్టు కింద పడెయ్. తడిసినా అవి ఏడవవు. పదండర్రా గుహకి!"

వానాకాలమంతా గుహలో పిల్లలు హాయిగా నిద్రపోయారు. వానలు వెలిశాక కొంగ మళ్ళీ తనిఖీకొచ్చింది. లోపలి నవ్వులు విని, గుమ్మంలోనే గుహ రద్దు చేసింది.

తాత పిల్లల్ని వీపునేసుకుని ఎండలోకి నడిచాడు. నక్క మాత్రం కూలబడి భోరున ఏడ్చింది. ఆ ఏడుపు కొంగ రాసుకోలేదు. నక్క చిన్నపిల్ల కాదు కదా!

నీతి: పిల్లల భయం తప్పకుండా పోగొట్టండి, తనిఖీ అయ్యేదాకా మాత్రం ఆగండి.