లేని వీధిలో నిండు చూలాలు

అయినా లేని వీధికి అంబులెన్సు ఎలా వస్తుంది? పురపాలక సంఘంవారి ఈ ప్రశ్నలో తప్పు వెతకడం నా సంకుచితత్వమే కావచ్చు. ఇటుకబట్టీ వెనక మా రోమా జనం, అంటే ఊళ్లోవాళ్లు జిప్సీలని పిలిచే మా ఇళ్లు నలభై రెండు. ఊరి పటంలో అక్కడున్నది గడ్డి. ఆ గడ్డికీ ప్రభుత్వానికీ మధ్య నన్ను మధ్యవర్తిగా నియమించారు.

మా వీధిలోని మినోద్ర మొదటి కాన్పుకి అంబులెన్సు బట్టీదాకా వచ్చి, చిరునామా దొరక్క, క్రమశిక్షణతో వెనుదిరిగింది. బిడ్డ దక్కలేదు. మళ్లీ ఆమెకు నెల తప్పిందని తెలిసిన రోజే వీధికి పేరు పెట్టమని దరఖాస్తు పెట్టాను. వెంటనే కమిటీ వేశారు. హోటల్లో సదస్సు జరిగింది. "రోమా సోదరులు మా గుండెల్లో నివసిస్తున్నారు!" అన్నారు మేయరు గవ్రిలెస్కుగారు. చప్పట్లు. మళ్లీ పెట్టిన దరఖాస్తులో మా చిరునామాగా ఆ గుండెలనే రాశాను; పిన్‌కోడ్ లేదని తిప్పి పంపారు.

తర్వాత తనిఖీ అధికారి వచ్చి, మినోద్ర అత్త బ్రందుష ఇంట్లో కూర్చుని రెండు కాఫీలు తాగి, 'జనావాసం కనిపించలేదు' అని రాసుకెళ్లారు. కాఫీ మాత్రం కనిపించినట్టుంది.

ఇవాళ పొద్దున మినోద్రకు నొప్పులు మొదలయ్యాయి. కాలవ దాటితే మేయరుగారి ఇల్లు. అక్కడికి పోదామన్నాను.

"ఛీ! ఆ ఇంటికా?" అంది బ్రందుష. "తలకు కట్టే గుడ్డలూ నడుము కింది లంగాలూ ఒకే తొట్లో ఉతుకుతారే వాళ్లు! మనకు మైల కాదూ?"

"లోపలికి పోవద్దులే అత్తా, గుమ్మం బయటే."

"బయట కుక్కుంది. వాళ్లు తినే పళ్లేలు నాకుతుందట!"

మమ్మల్ని చూసి వాళ్లు ముక్కు మూసుకుంటారు, వాళ్లను చూసి మేము. ఈ ఒక్క విషయంలో ఊళ్లో సంపూర్ణ సమానత్వం ఉంది. కమిటీ దాన్ని నివేదికలో చేర్చలేదు.

"ఓ అత్తా, ప్రాణం పోతోందిక్కడ! మైల సంగతి రేపు చూద్దువుగానీ, చెయ్యందుకో!" అని అరిచింది మినోద్ర.

మేయరుగారి మెట్ల మీద మా దుప్పటి పరిచి, మినోద్రను కూర్చోబెట్టాం. కిటికీ తెర కదిలింది. అంబులెన్సుకి ఫోను చేశాను.

"చిరునామా చెప్పు," అంది అవతలి గొంతు.

పదకొండేళ్ల మధ్యవర్తిత్వంలో నేను దాటలేకపోయిన మాట ఇది. తలుపు మీది ఇత్తడి పలకను నిదానంగా చదివి వినిపించాను.

"అయ్యో, మేయరుగారిల్లా! ముందే చెప్పరేమండీ! నాలుగు నిమిషాల్లో వచ్చేస్తారండీ. ఇంతకీ నొప్పులు ఎవరికండీ?"

మినోద్ర మెట్ల పక్క ఊచల్ని విరిచేసేలా పట్టుకుంది. బ్రందుష నావైపే చూస్తోంది.

"మేయరుగారి కోడలికి," అన్నాను.