నిసార్ గారు ఊళ్ళో లేరు

ఆ బుధవారం పొద్దున గౌసియా వేసుకున్న ప్లానులో ఎక్కడా లోపం లేదు. బ్యాంకు నుంచి మనిషి వస్తాడు. ముందు వన్ టౌన్‌లో వాళ్ళ ఇల్లు చూస్తాడు, ఆ తరువాత ఆటోనగర్ వెళ్ళి ఆమె భర్త రేడియేటర్లు బాగుచేసే షెడ్డు చూస్తాడు. నిసార్ అహ్మద్ అనే మనిషి ఈ భూమ్మీద ఉన్నాడనీ, చెప్పిన చోటే కాపురముంటున్నాడనీ, చెప్పిన పనే చేసుకుంటున్నాడనీ రాసుకుని పోతాడు. ఆపైన లోను వస్తుంది. లోను వస్తే అద్దెకున్న షెడ్డు సొంతమవుతుంది. రాకపోతే షెడ్డు యజమాని వెంకటకృష్ణారావుగారు నెలాఖరుకి దాన్ని ఒక టైర్ల వ్యాపారికి అమ్మేస్తారు. పెళ్ళికి ముందు నుంచీ నిసార్ సంపాదించుకున్న బేరాలన్నీ గాల్లో కలిసిపోతాయి.

"మీరు చెయ్యాల్సింది ఒకటే," అంది భర్తకు ఇస్త్రీ చొక్కా అందిస్తూ. "ఆ కుర్చీలో కూర్చోవాలి. ఆయన వచ్చేదాకా లేవకూడదు."

"ఊరికే కూర్చోడమేనా?"

"ఊరికే కూర్చోడం మీకేమన్నా కొత్తా? ఇవాళైతే దానికి ఫలితం కూడా ఉంది."

ఈ లోను వెనక పెద్ద భాగోతమే నడిచింది. నాలుగేళ్ళ కిందట గవర్నర్‌పేటలో ఒక షాపు ముందు టై కట్టుకున్న కుర్రాడెవరో నిసార్ చేత సంతకం పెట్టించి, నెల తిరగకుండా ఒక క్రెడిట్ కార్డు ఇంటికి పంపించాడు. దానిమీదున్న లిమిట్‌ని బ్యాంకువాళ్ళు తన మీద ఉంచిన గౌరవమనుకున్నాడు నిసార్. ఆటోనగర్‌లో ఎవరికి ఫ్రిజ్ కావాలన్నా, టీవీ కావాలన్నా తన కార్డు గీకేవాడు. వాళ్ళు డబ్బు తెచ్చి అతని చేతిలో పెట్టేవారు. జేబులో నోట్లు పెరుగుతుంటే వ్యాపారం పెరుగుతోందనుకున్నాడు పాపం. అందరికీ బిర్యానీలు తినిపించాడు. లిమిట్ అడుగంటాక గానీ ఆ నోట్లు ఎవరివో అతనికి బోధపడలేదు.

ఆ తరువాత వసూళ్ళవాళ్ళు మొదలయ్యారు. వాళ్ళు వచ్చినప్పుడల్లా సందు మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న దానమ్మ ఇస్త్రీపెట్టెతో బల్లని టకటకా కొట్టేది. నిసార్ పెరటి గోడ దూకేవాడు. "నిసార్ గారా? దుబాయ్ వెళ్ళిపోయాడు బాబూ" అని దానమ్మ చెప్పేది. షెడ్డు దగ్గర అదే మాట టీకొట్టు బాలశౌరి చెప్పేవాడు. నిసార్ మంచివాడు, చేతికి ఎముక లేనివాడు, కాబట్టి రెండు పేటల జనమూ అతని కోసం కళ్ళార్పకుండా అబద్ధమాడారు.

గౌసియాకి మాత్రం ఒళ్ళు మండింది. మొగుడు బతికుండగానే ఊళ్ళో లేడని వినాల్సి రావడం ఆమెకు నచ్చలేదు. కార్డుని కత్తెరతో ముక్కలు చేసి, తిన్నగా బ్యాంకుకెళ్ళి కూర్చుంది. సగం కడితే వదిలేస్తామన్నారు. అయితే రికార్డులో ఏమని ఉంటుందని అడిగింది. పూర్తిగా కట్టలేదనే ఉంటుందన్నారు. "అయితే మొత్తం కడతాను" అంది. పెళ్ళి బట్టలు కుట్టింది, స్కూలు యూనిఫారాలు కుట్టింది, పండగ రోజు కూడా మిషను ఆపలేదు. బాకీ తీరాక మేనేజరు సలహా మీద కొంచెం డిపాజిట్ చేసి, దానిమీద నిసార్ పేరనే చిన్న కార్డొకటి తీసుకుంది. నెలకోసారి నిసార్ చేత స్కూటర్‌లో పెట్రోలు కొట్టించడం, అదే పూట బ్యాంకుకి పరిగెత్తి డబ్బు కట్టెయ్యడం. "బిల్లు రానివ్వండమ్మా. మీరు అప్పు వాడుకున్నట్టు మాకు కనబడాలి కదా," అని మేనేజరు తల పట్టుకున్నాడు. బిల్లు వచ్చేదాకా ఆమెకు నిద్రపట్టేది కాదు. అలా రెండేళ్ళు ఏడ్చి మొత్తుకుంటే, అందరి అప్పుల చరిత్రా రాసిపెట్టే సిబిల్‌లో నిసార్ పేరు తెల్లబడింది.

ఇంత చేసిన మనిషి ఒక్క పొరపాటు చేసింది. ఈ సంగతి ఒక్కరికీ చెప్పలేదు. లోను మాట ముందే నలుగురి చెవిన పడితే నజర్ తగులుతుందని, దిష్టి కొడుతుందని భయం. బాకీ తీరిందంటే చేతిలో డబ్బు ఆడుతోందనుకుని ఎవరైనా చేబదులు అడుగుతారని ఇంకో భయం. కాబట్టి దానమ్మ లెక్కలో, బాలశౌరి లెక్కలో నిసార్ ఇంకా బాకీదారే.

పదింటికి గౌసియా టీ పెడుతుంటే సందు మొదట్లోంచి టకటకమని చప్పుడు వినిపించింది. గరిటె పట్టుకునే ముందుగదిలోకి వచ్చింది. కుర్చీ ఖాళీగా ఉంది.

గుమ్మంలో హెల్మెట్ చేతబట్టుకుని, భుజాన సంచీతో నడివయసు మనిషి నిలబడి ఉన్నాడు. అతని వెనక దానమ్మ.

"నా పేరు మరియదాసండీ. వెరిఫికేషన్‌కి వచ్చాను. నిసార్ అహ్మద్ గారి ఇల్లు ఇదేనా?"

"ఇదేనండీ. రండి, కూర్చోండి."

"కాదు బాబూ," అంది దానమ్మ. "ఇందాకే చెప్పాను కదా, ఆయన దుబాయ్ పోయి చాన్నాళ్ళయింది. ఈవిడెవరో అద్దెకుంటోంది."

"దానమ్మా, నువ్వూరుకో. ఈయన బ్యాంకు నుంచి వచ్చారు."

"తెలుసమ్మా. బ్యాంకు నుంచి వచ్చాడనే కదా నేను చెప్పేది," అని దానమ్మ గౌసియా వైపు చూసి కన్నుకొట్టింది. ఆ కన్నుకొట్టడం మరియదాసు కూడా చూశాడు.

గౌసియా పెరట్లోకి వెళ్ళింది. ఆమె వెనకే అతనూ వచ్చాడు. గోడకి ఇవతల ఒక చెప్పు పడి ఉంది. గోడమీద గాజుపెంకుకి ఇస్త్రీ చొక్కా పీలిక వేలాడుతోంది.

"గోడ దూకారా అండీ?" అని మరియదాసు మర్యాదగానే అడిగాడు.

"ఆయనకి పొద్దున్నే వ్యాయామం చెయ్యడం అలవాటు," అంది గౌసియా.

ఇంతలో సెల్లు మోగింది. "గౌసియా, నేను పంజా సెంటర్‌లో ఉన్నాను," అన్నాడు నిసార్.

"అక్కడెందుకున్నారు?"

"ఏమో. దానమ్మ పెట్టె కొట్టింది. కాళ్ళు వాటంతటవే పోయినయ్. ఇప్పుడు వెనక్కి రమ్మంటావా?"

"వద్దు. ఆటో ఎక్కి షెడ్డుకి పొండి. అక్కడ కూర్చోండి. ఎవరు ఏది కొట్టినా కదలొద్దు."

మరియదాసుకి టీ ఇచ్చి, కరెంటు బిల్లు చూపించి, రేషన్ కార్డు చూపించి, పెళ్ళి ఫోటో కూడా చూపించింది. అతను అన్నీ చూసి, సంచీలోంచి కాగితం తీసి ఏదో రాసుకున్నాడు. అద్దెకున్న ఆవిడ దగ్గర యజమాని పెళ్ళి ఫోటో ఎందుకుందో దానమ్మ గుమ్మంలోంచి సర్దిచెప్పబోయింది. గౌసియా తలుపు వేసింది. అతను షెడ్డుకి బయలుదేరగానే స్కూటర్ తాళంచెవి కోసం వెతికి, తనకి స్కూటర్ నడపడం రాదని గుర్తొచ్చి, ఆటో పిలిచింది.

దారి పొడవునా డ్రైవర్ని తొందరపెడుతూనే ఉంది. బెంజ్ సర్కిల్ దగ్గర లారీలు అడ్డం పడ్డాయి. ఆటోనగర్ చేరేసరికి మరియదాసు ముందే వచ్చి, బైకు పక్కన అయోమయంగా నిలబడి ఉన్నాడు.

షెడ్డు మీద 'నిసార్ రేడియేటర్ వర్క్స్' అన్న బోర్డు లేదు. దాని చోట 'బాలశౌరి గ్రీజు, ఆయిల్స్' అని అట్టముక్క వేలాడుతోంది, రంగు ఇంకా తడిగా ఉంది. షట్టర్ దించి తాళమేసి ఉంది. షట్టర్ లోపలి నుంచి ధనధనమని చప్పుడు వస్తోంది. చిరిగిన చొక్కాతో, ఒక కాలికి చెప్పు లేకుండా పరిగెత్తుకొచ్చిన నిసార్ "బ్యాంకువాళ్ళు వస్తున్నారు" అనగానే, మిగతాది చెప్పనివ్వకుండా బాలశౌరే అతన్ని లోపలికి తోసి తాళం వేశాడని ఆమెకు తరువాత తెలిసింది.

"నిసార్ భాయా? దుబాయ్‌లో ఉన్నాడండీ," అంటున్నాడు బాలశౌరి. "అక్కడ ఎండలెక్కువ కదా, రేడియేటర్ల పని బాగా ఉంటుంది."

"మరి లోపల ఆ చప్పుడేమిటి?"

"టెస్టింగండీ."

"తాళం తియ్ రా," అని లోపలి నుంచి వినబడింది.

"టెస్టింగ్ కుర్రాళ్ళకి బొత్తిగా మర్యాద లేదండీ," అన్నాడు బాలశౌరి.

ఇదంతా చాలదన్నట్టు అప్పుడే కారు దిగారు వెంకటకృష్ణారావుగారు. షెడ్డు బేరం సంగతి మాట్లాడదామని కంకిపాడు నుంచి వచ్చారాయన. దుబాయ్ మాట చెవిన పడగానే ఆయన ముఖం మాడిపోయింది.

"దుబాయ్ ఏంటయ్యా? నిన్న రాత్రే గదా నాకు ఫోన్ చేసి నెలాఖరుకి డబ్బు సర్దుతానన్నాడు. నన్ను మాటల్లో పెట్టి దేశం దాటాడా? ఇంక నేనాగను. టైర్లాయనకి ఇప్పుడే చెప్పేస్తాను," అని సెల్లు తీశారు.

రెండేళ్ళ కష్టం ఆయన వేళ్ళ కింద నంబరు నంబరుగా కరిగిపోతుంటే గౌసియా ఇక సిగ్గూ నజరూ అనుకుంటూ కూర్చోలేకపోయింది. టీకొట్టు బల్ల ఎక్కి నిలబడింది.

"రావుగారూ, ఆ ఫోన్ పెట్టెయ్యండి. బాలశౌరన్నా, తాళం తియ్యి. అందరూ వినండి. మేం బ్యాంకుకి ఇవ్వాల్సిందంతా ఎప్పుడో కట్టేశాం. సగం గాదు, మొత్తం. ఈయన వసూలుకి రాలేదు, లోను ఇవ్వడానికి వచ్చారు. మీరు దాచింది చాలు. మా ఆయన్ని మాకిచ్చెయ్యండి."

మెకానిక్కులందరూ స్పానర్లు వదిలేసి చూస్తున్నారు. బాలశౌరి బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "వదినా, ఇట్లా చెప్పమని భాయ్ అన్నాడా, లేక నిజంగానే కట్టేశారా?"

"నిజంగానే కట్టేశాం."

"ముందే చెప్పొచ్చు గదమ్మా," అన్నాడతను, నిజంగానే నొచ్చుకుంటూ. "నేను రంగు డబ్బా కూడా కొన్నాను."

షట్టర్ లేచింది. ఒళ్ళంతా మసితో, చిరిగిన చొక్కాతో, ఒంటి చెప్పుతో నిసార్ వెలుతుర్లోకి వచ్చి కళ్ళు చికిలించాడు.

"నిసార్ అహ్మద్ గారంటే మీరేనా?" అని అడిగాడు మరియదాసు.

నిసార్ కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. ఎడమవైపు గోడ పొట్టిగానే ఉంది. ఆ తరువాత బల్ల మీదున్న భార్యను చూశాడు.

"నేనేనండీ," అన్నాడు మెల్లగా.

గౌసియాకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బ్యాంకు మనిషి ఎదురుగా నిలబడి అతను ఆ మాట అనడం అదే మొదలు. ఆ మాట కోసమే ఆమె ఇన్నాళ్ళూ మిషను తొక్కింది. బల్ల దిగి, పైట చెంగుతో అతని ముఖం మీద మసి తుడిచింది. మసి ఇంకాస్త పరుచుకుంది.

"ఇదంతా బాగానే ఉందయ్యా," అన్నారు వెంకటకృష్ణారావుగారు, ఫోన్ ఇంకా చేతిలోనే పట్టుకుని. "ఇంత గోల చూశాక బ్యాంకు లోను ఇస్తుందా?"

అందరూ మరియదాసు వైపు తిరిగారు. అతను తీరిగ్గా బాలశౌరి ఇచ్చిన టీ తాగాడు.

"నేను ఈ ఉద్యోగంలో చానా వీధులు తిరిగానండీ," అన్నాడు. "నిజంగా ఇల్లు ఖాళీ చేసి పోయినోడి గురించి అడిగితే జనం 'ఏమో' అంటారు. మళ్ళీ ఎవరి పని వాళ్ళు చూసుకుంటారు. ఈయన కోసం పొద్దున్నుంచీ పనులు మానుకుని, బోర్డు మార్చి, మనిషిని లోపలేసి తాళం పెట్టి మరీ అబద్ధాలాడారు. దుబాయ్ పోయినోణ్ణి షట్టర్ వెనక దాచాల్సిన పని ఎవరికుంటుంది? చెప్పిన అడ్రసులోనే ఉన్నాడు, చాన్నాళ్ళుగా ఉన్నాడు. చుట్టుపక్కల మంచి పేరుందా లేదా అని కూడా నేను చెప్పాలి. ఇంతకంటే మంచి పేరు నేనింతవరకూ చూళ్ళేదు."

రావుగారు ఫోన్ జేబులో పెట్టుకున్నారు. బాలశౌరి అట్టముక్క దించి పాత బోర్డు తగిలిస్తూ, ఆ టీకి డబ్బులు తీసుకోనన్నాడు. అలాంటివి తాను పుచ్చుకోకూడదంటూ మరియదాసు బల్ల మీద చిల్లర పెట్టేసి బైకెక్కాడు.

లోను వచ్చింది. నెలాఖరుకి ముందే షెడ్డు రిజిస్ట్రేషన్ అయింది. ఈసారి గౌసియా ఎవరికీ దాచలేదు. వీధి వీధంతా తీపి పంచింది. దానమ్మకి రెండు పొట్లాలిచ్చి, ఇకమీదట ఎవరొచ్చినా ఉన్నది ఉన్నట్టు చెప్పమని గట్టిగా చెప్పింది. దానమ్మకి అది అంతగా నచ్చలేదు గానీ సరేనంది.

పది రోజులు గడిచాయో లేదో బ్యాంకు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. గొంతు తేనెలా ఉంది. నిసార్ గారి రికార్డు చాలా బాగుందట. అందుకని పాతదానికి రెట్టింపు లిమిట్‌తో ఒక క్రెడిట్ కార్డు ఉచితంగా ఇస్తున్నారట. సంతకం కోసం రేపు మనిషి ఇంటికొస్తాడట. పక్క గదిలోంచి నిసార్ "ఎవరు గౌసియా?" అని ఆశగా అడిగాడు. రాంగ్ నంబరని చెప్పి ఆమె చెప్పులేసుకుని సందు మొదటికి నడిచింది.

"రేపు బ్యాంకు నుంచి మనిషి వస్తాడు దానమ్మా."

దానమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "ఉన్నది ఉన్నట్టు చెప్పనా అమ్మా?"

గౌసియా ఇంటివైపు ఒకసారి తిరిగి చూసుకుంది.

"వద్దులే," అంది. "ఎప్పుడూ చెప్పేదే చెప్పు."