పేరు తెలియని పూల టీ

శనివారం పొద్దున లెక్కల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. హెడ్‌మిస్ట్రెస్ ఇంటికి వస్తారు, ఆయన తయారుచేసిన కొత్త టైమ్‌టేబుల్ చూసి తలూపి వెళ్ళిపోతారు, ఆపైన ఆయన పేపరు ముఖం మీద కప్పుకుని మధ్యాహ్నం దాకా పడుకుంటారు. ఈ పథకంలో ఆయన లెక్కలోకి తీసుకోనిది ఒక్క అత్తగారినే.

ఆవిడ ఈమధ్యే కూతురింటికి వచ్చారు. వాళ్ళు అద్దెకు దిగిన ఆ ఇంటి గేటు పక్కన, పాత కాపురం వాళ్ళు వదిలేసి వెళ్ళిన పొద ఒకటుంది. ఇన్నాళ్ళూ ఆకులు తప్ప మరేమీ ఎరగనట్టు నిలబడ్డ ఆ పొద, అత్తగారు అడుగుపెట్టిన వేళావిశేషమో ఏమో, ఒక్కసారిగా విరగబూసింది. దాని పేరేమిటో వీధిలో ఎవరికీ తెలియదు. అత్తగారికి మాత్రం తెలుసు.

"మా పెరట్లో అచ్చం ఇలాంటిదే ఉండేది. పేరు నాలుక చివర ఆడుతోంది, రావట్లేదంతే. దీని పూలు మరిగించి తాగితే నొప్పులన్నీ చేత్తో తీసేసినట్టు పోతాయి."

హెడ్‌మిస్ట్రెస్ వచ్చి వరండాలో కూర్చునేసరికి కప్పులు తయారుగా ఉన్నాయి. మాస్టారు తన కప్పుతో వంటింట్లోకి వెళ్ళి ఖాళీ కప్పుతో తిరిగొచ్చారు. మధ్యలో ఏం జరిగిందో సింకుకే తెలుసు. భార్య తన కప్పు పట్టుకుని కుట్టుమిషను దగ్గరకు వెళ్ళింది. హెడ్‌మిస్ట్రెస్ కప్పు అందరికన్నా ముందు ఖాళీ అయింది. అది చూసి అత్తగారు పొంగిపోయి, ఆవిడ వద్దంటున్నా మళ్ళీ నింపారు. అదీ ఖాళీ అయింది.

"ఆ పొద భలే ఉంది మాస్టారూ. పేరు కనుక్కుని చెప్పండి, ఒక కొమ్మ మా ఇంట్లో కూడా నాటుకుంటాను," అంటూ ఆవిడ కారెక్కారు.

హెడ్‌మిస్ట్రెస్ అడిగాక కాదనడం మాస్టారికి చేతకాదు. మొక్కల్ని గుర్తుపట్టే యాప్ ఒకటి ఫోన్లోకి దించుకుని, పొదను ఫోటో తీశారు. యాప్ కాసేపు గింగిరాలు తిరిగి, నోరు తిరగని పేరొకటి చెప్పింది. దాని కింద ఎర్రటి త్రికోణం. త్రికోణం కింద ఒకటే వాక్యం: 'అన్ని భాగాలూ విషపూరితం.'

మాస్టారు ఆ వాక్యం రెండుసార్లు చదివారు. ఇంట్లో తానొక్కడే బతికి బట్టకట్టబోతున్నాడన్న సంగతి ఆయనకు ఏమాత్రం సంతోషం కలిగించలేదు.

సంగతి వినగానే అత్తగారు నెత్తి బాదుకున్నారు. "అయ్యో, నా చేతులతో నేనే పోశానే తల్లీ! ఆ మహాతల్లి ఇష్టంగా రెండు కప్పులు తాగిందే!"

"ముందు మేడమ్‌కి ఫోన్ చెయ్యండి," అంది భార్య.

హెడ్‌మిస్ట్రెస్ అప్పటికి దారిలో బయాలజీ టీచరును ఎక్కించుకుని బడి వైపు వెళుతున్నారు. ఫోను కారు స్పీకరులో మోగింది.

"మేడమ్, కారు పక్కకి ఆపండి. ఇందాక మా ఇంట్లో మీరు తాగారు కదా..."

బయాలజీ టీచరు ఉలిక్కిపడింది. "పొద్దున్నేనా మేడమ్?"

"టీ అమ్మా, టీ! ఏమైంది మాస్టారూ?"

"అందులో విషం ఉందట మేడమ్. కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదే."

"అయితే తిరుగుతాయి. మా పేట చివర ఆసుపత్రికి వెంటనే రండి!"

ఆవిడ ఏదో చెప్పబోయారు. "మాస్టారూ, అసలు నేను..." ఇంతలో ఫోన్లోంచి అత్తగారి ఏడుపు వినిపించింది. "నా మీద గౌరవంతో ఒక్క చుక్క మిగల్చకుండా తాగిందయ్యా!" ఆ మాట విన్నాక హెడ్‌మిస్ట్రెస్ నోటికి తాళం పడింది. కారు వెనక్కి తిప్పారు.

మాస్టారు గబగబా ఒక పూల కొమ్మ తుంచి పాలిథిన్ సంచిలో వేసుకున్నారు. ఆటోలో అత్తగారు కూతురి చెయ్యి వదల్లేదు. "నా సంగతి పోనీయ్ బాబూ, పిల్లని చూడు. చూడు, ఎలా పాలిపోయిందో!" అంటూ దారి పొడుగునా అదే మాట. భార్య పెదవి కొరుక్కుంటూ బయటికి చూస్తోంది. మాస్టారి కడుపులోకి చుక్క కూడా పోలేదు. ఆ సంగతి ఇప్పుడు చెబితే అత్తగారి మనసు విరిగిపోతుంది. చెప్పకపోతే తన మనసే తనను తినేస్తోంది. మాస్టారు రెండింటి మధ్యా నలుగుతూ సంచిని గుండెకు హత్తుకుని కూర్చున్నారు.

ఆసుపత్రిలో అందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి, డాక్టరు ముందుగా పువ్వు ఏ రంగో అడిగాడు.

"ముదురు ఊదా," అంది భార్య. పూసిన రోజు చూసి, మళ్ళీ అటు తొంగి చూడలేదు.

"తెలుపు. నేను కోసినవి తెల్లవే," అన్నారు అత్తగారు.

"లేత ఊదా కదండీ? గేటు దగ్గర చూశాను," అన్నారు హెడ్‌మిస్ట్రెస్.

డాక్టరు ముఖం గంభీరంగా మారింది. "ఒకే పువ్వు ముగ్గురికీ మూడు రంగుల్లో కనిపిస్తోంది. చూపు మీద దెబ్బ మొదలైంది. నర్సమ్మా, కడుపులు కడగాలి. గొట్టం పట్రా!"

ఇంతలో బయాలజీ టీచరు సంచి విప్పి కొమ్మ బయటికి తీసింది. "ఆగండి డాక్టరుగారూ! చూపుకేం కాలేదు, ముగ్గురూ నిజమే చెప్పారు. ఈ పువ్వు విచ్చుకున్నప్పుడు ఊదా, ఆ తర్వాత లేత ఊదా, రాలిపోయే ముందు తెలుపు. అందుకే నర్సరీల్లో దీన్ని నిన్న-నేడు-రేపు మొక్క అంటారు."

"అమ్మయ్య! అయితే మంచి మొక్కేగా?" అన్నారు మాస్టారు.

"చూడ్డానికే మంచిది. విషం మాత్రం నిజమే."

నర్సు గొట్టం తెచ్చింది. అది బాగా పొడుగ్గా ఉంది. డాక్టరు మాస్టారి భార్య వైపు ఒక అడుగు వేశాడు.

"నేను తాగలేదండీ!" ఆవిడ ఒక్క అరుపు అరిచింది. "అమ్మ నొచ్చుకుంటుందని, లైనింగు గుడ్డలు నానబెట్టిన బకెట్లో పోసేశాను."

మాస్టారు గుండెల నిండా గాలి పీల్చుకున్నారు. "నేను సింకులో పోశాను!"

హెడ్‌మిస్ట్రెస్ చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనంత మెల్లగా అన్నారు. "నేను వరండా పిట్టగోడ మీంచి వంపేశానండీ. రెండుసార్లూ."

భార్య ఏడుస్తూ నవ్వేసింది. మాస్టారు దగ్గరున్న కుర్చీలో కూలబడ్డారు. హెడ్‌మిస్ట్రెస్ ఏ కారణం లేకుండా బయాలజీ టీచరును కావలించుకున్నారు. అంతలోనే అందరికీ ఒకేసారి గుర్తొచ్చి గది చల్లబడిపోయింది. తాగలేదని చెప్పకుండా మిగిలింది ఒక్క అత్తగారే. డాక్టరు గొట్టం సవరించుకుంటూ అటు తిరిగాడు.

"అత్తయ్యగారూ," అన్నారు మాస్టారు. "మీరు ఎంత తాగారు?"

అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకుని, వాళ్ళందర్నీ ఎగాదిగా చూశారు.

"మరిగించింది నేనే కదా బాబూ. ఆ వాసన చూశాక ఎలా తాగుతాను?"