ప్రతి పరుపు మీదా ప్లీడరుగారే

ఆ పొద్దున ఆవిడ వేసుకున్న పథకం చాలా చిన్నది. తమ కంపెనీ తయారుచేసిన పరుపుల కొట్టువాళ్ల వెబ్‌సైటు జనంలోకి వెళ్లాలి. అది సవ్యంగా తెరుచుకుంటే ఆవిడ తాత్కాలిక ఉద్యోగం పర్మనెంటవుతుంది. సైటులో లోపాలు పట్టడమే ఆవిడ పని. అందుకని ఒక ప్రోగ్రాం రాసింది. అది తనంతట తానే బ్రౌజరు తెరిచి, పేజీ పేజీకీ వెళ్లి, బొమ్మ ఉండాల్సిన చోట బొమ్మ వస్తే పచ్చ టిక్కు పెడుతుంది.

అంతకుముందు, అన్నీ కంటితోనే చూసుకునే రోజుల్లో, ఆవిడ ఒక తెలివైన పని చేసింది. పరుపు ఫొటో రాకపోతే, దాని బదులు తన భర్త నోరు తెరుచుకుని నిద్రపోతుండగా మొహం వరకూ తీసిన ఫొటో కనబడేలా పెట్టింది. చూడగానే నవ్వొస్తుంది, తప్పు దొరికిపోతుంది. ప్రోగ్రాముకు నవ్వు రాదన్న సంగతి మాత్రం ఆవిడకు తట్టలేదు.

టిక్కులన్నీ పచ్చగా వచ్చాయి. "ఇక జనంలోకి వదిలేయండి సార్!" అంది మేనేజరుతో, కాఫీ కలుపుకుంటూ.

కాసేపటికి అత్తగారి ఫోను. "ఏమ్మా, మావాడు ప్లీడరీ మానేశాడా? పరుపుల కొట్టులో ఏ పరుపు చూసినా వాడి మొహమే నిద్రపోతోంది!"

ఆవిడ గబగబా సైటు తెరిచి చూసింది. ఎవరో ఫొటోల ఫోల్డరు పేరు మార్చారు. ఒక్క పరుపు ఫొటో కూడా రాలేదు, వచ్చిందల్లా మొగుడే. అది సరిచేయబోతుంటే ఆ మొగుడి ఫోను.

"కొంప ముంచావు కదే! నేను వాదిస్తుంటే జడ్జిగారు నన్ను చూసి ఆవులించారు!"

ఆవిడ ఫోల్డరు పేరు సరిచేసింది. బొమ్మ వచ్చిందా అని కాక, రావలసిన బొమ్మే వచ్చిందా అని చూడడం ప్రోగ్రాముకు నేర్పింది. అంతలో కొట్టు యజమాని ఆయాసపడుతూ లోపలికొచ్చాడు. మేనేజరు ఏమాత్రం మొహమాటపడకుండా ఆవిడ వైపు వేలు చూపించాడు. ఉద్యోగం ఊడినట్టేనని ఆవిడ లేచి నిలబడింది.

"ఆయన్ని ఎందుకు తీసేశారమ్మా?" అన్నాడు యజమాని, ఏడుపొక్కటే తక్కువగా. "పొద్దుట్నించీ ఒకటే ఫోన్లు! అంత నిద్ర ఏ పరుపు మీద పట్టిందో అదే కావాలట అందరికీ. మీ ఉద్యోగం సంగతి సార్‌తో నేను మాట్లాడతాను గానీ, ముందు ఆ పరుపేదో చెప్పండి!"

"నేల మీదండీ," అంది ఆవిడ నిజాయితీగా. "మెత్తగా ఉంటే ఆయనకి నిద్ర పట్టదు."

యజమాని చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఈ మాట మన ముగ్గురి మధ్యే ఉండాలి."

సాయంత్రానికి ఆవిడ చేతికి పర్మనెంటు ఉత్తర్వూ, ఇంటికి కొట్టులోకెల్లా గొప్ప పరుపూ వచ్చాయి. ఆవిడ ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ప్లీడరుగారు ఆ పరుపు పక్కనే, నేల మీద, హాయిగా నిద్రపోయారు.